గెరిట్ రాసిన మొదటి నివేదిక

"ఇంకోసారి చదవమంటావా బావా, ఇందాక వినపడిందా?"

ఆర్లో చేతిలోని కాగితాలు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. బేస్‌మెంటులో పైపు పగిలి పొద్దుటి నుంచి నీళ్లు కారుతుంటే, అట్టపెట్టెలు పైకి చేర్చే పని అతనే నెత్తిన వేసుకున్నాడు. చాలా పెట్టెలు బాగానే మెట్లెక్కాయి. ఒకదానికి అడుగు ఊడి, అందులోని కాగితాలన్నీ అతని బూట్ల మీద పడ్డాయి.

అప్పటి నుంచి ఆ వంటింట్లో ఎవరూ కదల్లేదు. స్టవ్ మీద కాఫీ మరిగి మరిగి చేదు వాసన కొడుతోంది.

గెరిట్ డైక్‌స్ట్రా కోటు తొడుక్కుని, టై కట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెనిన్సులా మోటార్స్‌లో మార్కెట్ పరిశోధన విభాగానికి ఆయన అధిపతి. మధ్యాహ్నం యూనియన్ హాలు ముందు జరిగే సభలో కంపెనీ తరఫున నాలుగు మాటలు మాట్లాడవలసింది ఆయనే.

అదే కంపెనీ ఫ్యాక్టరీలో పదిహేడేళ్లు కార్లకు తలుపులు బిగించిన ఆర్లో నవంబరు నుంచి పని లేకుండా ఉన్నాడు. ఇల్లు నిలుపుకోలేక, మూడు వారాల క్రితం భార్య నోరీన్‌తో సహా అక్కగారింటి బేస్‌మెంటులోకి వచ్చి చేరాడు. వసంతంలో మళ్లీ పిలుస్తారని ఎదురుచూస్తూ ఉన్నాడు. మొన్న సోమవారం కంపెనీ ఆ ఆశ కూడా తీసేసింది. జపాను చిన్న కార్ల దెబ్బకు కెంట్ హార్బర్ ఫ్యాక్టరీ ఇక తెరవరు.

ఆ ఇద్దరి మధ్యా విల్మా నిలబడి ఉంది. ఒకరు ఆమె భర్త. ఒకరు ఆమె ఎత్తుకు పెంచిన తమ్ముడు.

"ఆర్లో, కాళ్లు తడిసి ముద్దయ్యాయి. ముందు మేజోళ్లు మార్చుకో."

"నా కాళ్ల సంగతి తర్వాత అక్కా." అతను కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "'నూట అరవై కుటుంబాలకు విదేశీ చిన్న సెడాన్లు రెండేసి వారాలు ఇచ్చి చూశాము. నూట పదిహేడు కుటుంబాలు తమ తరువాతి కారుగా దానినే కొంటామని చెప్పాయి. గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక నర్సు చేత తాళాలు తిరిగి ఇప్పించుకోవడానికి మా మనిషి మూడుసార్లు వెళ్లవలసి వచ్చింది. పెట్రోలు కొరత తీరిపోయినా ఈ ఇష్టం తగ్గదు. దీటైన చిన్న కారు మనం వెంటనే మొదలుపెట్టకపోతే ఈ మార్కెట్ మన చేయి దాటిపోతుంది.' కింద సంతకం జి. డైక్‌స్ట్రా. మార్చి, డెబ్బై నాలుగు."

గెరిట్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"అది చిత్తుప్రతి," అన్నాడు.

"చిత్తుప్రతికి సంతకం పెడతారా?"

"పైకి వెళ్లి తిరిగొచ్చింది."

"తిరిగొస్తే?"

"మార్చాను."

"ఏం మార్చావు? అదేదో నీ నోటితో చెప్పు. మా నోటీసు బోర్డు మీద ఏప్రిల్లో అంటించారే, నాకింకా కంఠతా వచ్చు. 'చిన్న కారు తీరప్రాంతపు కాలేజీ కుర్రాళ్ల సరదా. సంసారమున్న అమెరికావాడు దాని మొహం చూడడు.' దాని కిందా నీ సంతకమే. భోజనాల గదిలో అది చదివి చప్పట్లు కొట్టాం బావా. మా బావ రాశాడని అందరికీ చెప్పుకున్నాను."

"నేను చెప్పేది కాస్త విను ఆర్లో."

"చెప్పు. నాకిప్పుడు వెళ్లాల్సిన పనేం లేదు కదా."

గెరిట్ చాలాసేపు టేబుల్ మీది ఉప్పుసీసా వైపు చూశాడు. చివరికి చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఆయన గొంతు ఆఫీసు గొంతులాగే ఉంది. అలా ఉండటం ఆయనకే నచ్చినట్టు లేదు.

"వైస్ ప్రెసిడెంటు నన్ను పిలిచాడు. కసరలేదు, అరవలేదు. కాఫీ ఇచ్చాడు. 'యాభై ఏళ్లుగా పెద్దది కావాలన్న జనం రేపటి నుంచి చిన్నది కావాలంటారని బోర్డుకి చెప్పమంటావా? నీకంత నమ్మకముందా?' అన్నాడు. నూట అరవై కుటుంబాలే కదా అన్నాడు. ఆ మాట నాకూ నిజమే అనిపించింది. నిజంగా అనిపించిందో, నన్ను నేనే నమ్మించుకున్నానో. పెట్రోలు బంకుల దగ్గర బారులు తగ్గాయి. తర్వాత రెండేళ్లు పెద్ద కార్లు బ్రహ్మాండంగా అమ్ముడయ్యాయి. చూశావా, నేను మార్చిందే నిజమైందనుకున్నాను."

"మే నెలలో నీకు పెద్ద అధికారులకిచ్చే మూలగది ఇచ్చారు."

గెరిట్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"రెండు కిటికీల గది. మమ్మల్ని తీసుకెళ్లి చూపించావు. నోరీన్ నీ కోసం కుండీలో మొక్క పెట్టి తెచ్చింది. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఆ మొక్క బతికుందా?"

"ఆర్లో, ఇక చాలు," అంది విల్మా.

"ఏం చాలక్కా? ఇంకా మొదలే పెట్టలేదు." అతను అక్క వైపు తిరిగాడు. గొంతు హఠాత్తుగా తగ్గింది. అరిచినప్పటికంటే అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "ఆ వేసవిలోనే మా మామగారు అయోవా రమ్మన్నాడు. ఆయన ఇనుపసామాన్ల కొట్టు నన్ను చూసుకోమన్నాడు. నోరీన్ అప్పటికే గిన్నెలు సర్దేసుకుంది. ఇదే టేబుల్ దగ్గర కూర్చుని బావని అడిగాను. వెళ్లనా, ఉండనా అని. నేనేం అడిగానో, బావేం చెప్పాడో నీకు గుర్తుందా?"

గుర్తులేదని చెప్పగలిగితే ఎంత బాగుండునో అనుకుంది విల్మా.

"'ఆ బొమ్మకార్లు ఈ దేశంలో నిలవవయ్యా. నేను స్వయంగా పరిశోధించాను. నీ ఉద్యోగం కొండలా ఉంటుంది, ఇల్లు కొనుక్కో' అన్నాడు. నవ్వుతూ అన్నాడు. మేం అయోవా మానేశాం. ఇల్లు కొన్నాం."

"నీకు మంచి జరగాలనే అన్నాను," అన్నాడు గెరిట్.

"నూట పదిహేడు కుటుంబాలు నీ కడుపులో పెట్టుకుని అన్నావు."

కింద బేస్‌మెంటులో నీళ్లు కారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆర్లో కాగితాలను టేబుల్ మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు. "ఇంకొక్కటే అడుగుతాను. ఇది టైపు చేసిందెవరు?"

"ఆఫీసులో ఒకమ్మాయి," గెరిట్ వెంటనే అన్నాడు.

"ఏ అమ్మాయి?"

"ఇప్పుడు లేదు. పెళ్లయి వెళ్లిపోయింది."

ఆర్లో ఒక లైను మీద వేలు పెట్టాడు. "ఇక్కడ చూడు. 'ఆర్' అక్షరం. వచ్చిన ప్రతిచోటా పక్క అక్షరాల కంటే కాస్త పైకి ఎగిరి కూర్చుంది. నేను జర్మనీలో సైన్యంలో ఉన్నప్పుడు రెండేళ్ల పాటు వారానికో ఉత్తరం వచ్చేది. అందులో నా పేరు ఎప్పుడూ ఇలాగే గెంతుతూ ఉండేది. మా బ్యారక్‌లో వాళ్లు చూసి నవ్వేవాళ్లు." అతను తలెత్తలేదు. "నీ టైపు మిషనే కదక్కా?"

గెరిట్ ఏదో అనబోయాడు. విల్మా చేయి అడ్డం పెట్టింది.

"నేనే టైపు చేశాను," అంది.

"మొదటిదా? రెండోదా?"

"రెండూ."

చెప్పాక ఏదో బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. ఆమె మొహం, చెవులు, మెడ కాలిపోతున్నాయి. ఆఫీసు అమ్మాయిల కంట పడకూడదని గెరిట్ ఆ పని ఇంటికి తెచ్చాడు. ఈ టేబుల్ మీదే మిషను పెట్టుకుని కొట్టింది. రెండోది కొడుతున్నప్పుడు ఒక్కసారి ఆగి, "ఇలా రాయొచ్చా గెరిట్?" అని అడిగింది. "రాయాలి," అన్నాడాయన. అంతే. ఆమె మళ్లీ అడగలేదు. మొదటి ప్రతి పారేయమంటే మాత్రం పారేయలేదు. ఎందుకు దాచిందో ఈ ఆరేళ్లలో తనకు తానే చెప్పుకోలేకపోయింది.

"అయితే నేను అయోవా సంగతి అడిగిన రోజు నీకు తెలుసు," అన్నాడు ఆర్లో.

"తెలుసు."

"ఆ రోజు నువ్వు ఏం చేశావో చెప్పనా? నా పళ్లెంలో ఇంకో ఆపిల్ కేకు ముక్క వేశావు. 'తిను, చిక్కిపోయావు' అన్నావు."

విల్మా కుర్చీ వీపు పట్టుకుంది.

"బావని తిట్టగలను అక్కా. బావ కంపెనీ మనిషి, వాళ్లు అలాగే ఉంటారని సర్దుకోగలను. నీతో ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు."

అతను కాగితాలు మడిచి గెరిట్ ముందు పెట్టాడు.

"మధ్యాహ్నం మైకు నీ చేతికిస్తారు. ఇది చదువు."

"చదివితే ఆ క్షణమే నన్ను తీసేస్తారు."

"మమ్మల్ని తీసేశారు. చచ్చామా?"

"నోరీన్‌కి..." విల్మా కుర్చీ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది. "నోరీన్‌కి చెప్పావా?"

"తను పొద్దున్నే హాలుకి వెళ్లింది, సూప్ వండటానికి. నేను చెప్పను." ఆర్లో మెట్ల వైపు నడిచాడు. "నువ్వే చెప్పుకో."

* * *

యూనియన్ హాలు ముందు మైదానంలో మంచు గీకి పక్కలకు నెట్టారు. మధ్యలో లేత పసుపు రంగు జపాను కారు. నాలుగు తలుపుల చిన్న సెడాను. ఎక్కడో పాతది కొనుక్కొచ్చారు. అద్దాలు అప్పటికే లేవు. ఒక ఆహారం డబ్బా ఇస్తే సమ్మెటతో ఒక దెబ్బ. డబ్బాలన్నీ పని పోయిన కుటుంబాలకు.

గెరిట్, విల్మా వెళ్లేసరికి చిక్కుడుగింజల డబ్బాలు, టమాటా డబ్బాలు మెట్ల మీద గోడలా పేరుకున్నాయి. దెబ్బ పడ్డప్పుడల్లా జనం అరుస్తున్నారు.

"అది మా అత్తగారనుకుని కొట్టు!" అని ఎవరో కేకేశారు.

"మీ అత్తగారైతే వంగదురా, సమ్మెటే విరుగుతుంది!"

గెరిట్ వేదిక వైపు వెళ్లాడు. ఆయన కోటు జేబులో రెండు మడతలున్నాయి. ఒకటి కంపెనీ రాసిచ్చిన ప్రసంగం, ఒకటి తడి ఆరని ఆ కాగితాలు. ఏది చదువుతావని దారిలో విల్మా అడగలేదు.

హాలు వరండాలో ఆడవాళ్లు బఠాణీ సూప్ పంచుతున్నారు. నోరీన్ ముక్కు చలికి ఎర్రబడింది. విల్మాను చూడగానే చేతిలో ఒక గరిటె పెట్టింది.

"వచ్చావా వదినా! వీళ్లకు సూప్ పోయడం రాదు, అంతా నేల మీదే. పైపు సంగతేమైంది?"

"ఆర్లో కట్టేశాడు."

"ఏమైందా మనిషికి? ఇందాక వచ్చాడు, పలకరిస్తే పలకలేదు. అక్కడ కంచెకి ఆనుకుని నిలబడ్డాడు చూడు. సమ్మెట ఇస్తే వద్దన్నాడట." ఆమె దగ్గరగా జరిగింది. "నిన్న మా నాన్న ఫోన్ చేశాడు వదినా. కొట్టు ఎవరికో అప్పగించేశాడట. ఇక ఓపిక లేదన్నాడు. ఆర్లోకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

విల్మా గరిటె ముంచింది. సూప్ సగం గిన్నెలోకి, సగం ఆమె మణికట్టు మీదికి పోయింది. వేడి తెలియలేదు.

కారు పైకప్పు లోపలికి కుంగింది. ముందు దీపాలు లేవు. బానెట్ మీద చోటు లేకుండా గుంటలు. ఆఖరికి యూనియన్ అధ్యక్షుడు ఎల్మర్ రూక్స్ చేతులెత్తి జనాన్ని ఆపాడు. అరవై దాటిన మనిషి, నవ్వించకుండా మాట్లాడటం రానివాడు.

"తమ్ముళ్లారా, శవపరీక్ష చేద్దాం! చచ్చిందో లేదో చూడాలి కదా!"

అద్దం లేని తలుపులోంచి చేయి పెట్టి తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది.

ఒక్క దగ్గు లేదు. కుంగిన పైకప్పు కింద, పగిలిన దీపాల వెనక, అది తాపీగా, సన్నగా తిరుగుతోంది. కుట్టుమిషను చప్పుడులా ఉంది. వెనక గొట్టం నుంచి తెల్లటి ఆవిరి మంచు మీదికి పాకింది.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు తోడు దొరక్క ఆగిపోయింది.

"దెబ్బలకి బుద్ధి వచ్చింది!" అన్నాడు ఎల్మర్. ఈసారి ఎవరూ నవ్వలేదు. జీవితమంతా కార్లు చేసిన మనుషులు వాళ్లు. ఏం వింటున్నారో వాళ్లకు తెలుసు. సమ్మెట పట్టుకున్నవాడు దాన్ని నెమ్మదిగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. కొందరు బూట్ల వైపు చూసుకున్నారు. ఎల్మర్ తాళం వెనక్కి తిప్పాడు. తిప్పుతున్నప్పుడు అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

"సరే, సరే. కంపెనీ నుంచి మిస్టర్ డైక్‌స్ట్రా వచ్చారు. రండి సార్."

గెరిట్ మైకు ముందు నిలబడ్డాడు. జేబులోంచి కంపెనీ ప్రసంగం తీశాడు. "మిత్రులారా, విదేశీ పోటీదారులు అన్యాయమైన..." అని మొదటి లైను చదివాడు. ఆగాడు. కారు వైపు చూశాడు. కంచె దగ్గరున్న ఆర్లో వైపు చూశాడు.

ఆ కాగితం మడిచి లోపల పెట్టుకుని, రెండోది తీశాడు.

ఆయన చదివే తీరు ఏమీ బాగోలేదు. తడికి అక్షరాలు అలుక్కుపోయిన చోట తడబడ్డాడు. నూట అరవై కుటుంబాలు. నూట పదిహేడు. నర్సు, తాళాలు. చేయి దాటిపోతుందన్న మాట దగ్గర ఆగి, ఆ లైను మళ్లీ మొదటి నుంచి చదివి పూర్తి చేశాడు.

"ఇది నేను ఆరేళ్ల క్రితం రాశాను," అన్నాడు. "తర్వాత నేనే దీన్ని తిరగరాశాను. ఈ కార్లు ఇక్కడ నిలుస్తాయని నాకు తెలుసు. నిలవవని మీకు చెప్పాను."

వెనక నుంచి ఒక ముసలి వెల్డర్ గొంతు వచ్చింది. కోపం కూడా లేదందులో.

"ఎందుకయ్యా?"

"రెండు కిటికీల మూలగది కావాలనుకున్నాను."

అంత చిన్న జవాబు ఎవరూ అనుకోలేదు. జనంలో ఒక కదలిక పుట్టింది. ఎవరో బూతు తిట్టారు. ఎవరో డబ్బాను తన్నారు, అది మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. ఎల్మర్ మైకు లాక్కున్నాడు. అతని మొహంలో ఇప్పుడు నవ్వు ఛాయ లేదు.

"ఇంకెవరికి తెలుసు?" అన్నాడు. "పైవాళ్లు సరే. మా మధ్య తిరిగేవాళ్లలో, మా గుమ్మాలు తొక్కేవాళ్లలో ఎవరికి తెలుసు?"

విల్మా గరిటె కింద పెట్టింది.

గెరిట్ వరండా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన మెడ ఎంత బిగించాడో ఆమెకు ఇంత దూరం నుంచీ కనిపించింది.

"ఎవరికీ తెలియదు," అన్నాడు. "నేనొక్కడినే."

కంచె దగ్గర ఆర్లో కదిలాడు. జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. వేదిక వైపు కాదు, వరండా వైపు.

నోరీన్ గరిటె వదిలేసింది. ఆమె కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. విల్మా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గుండెకు హత్తుకుంది.

"వదినా, నువ్వు తల దించుకోకు," అంది, పక్కనున్న ఆడవాళ్లందరికీ వినపడేలా. "ఆయన చేసింది ఆయనకే. నిన్నెవరూ ఒక్క మాట అనడానికి వీల్లేదు. నీకు తెలిసి ఉంటే ఆ రోజే మాకు చెప్పేదానివి. నాకు తెలీదా నువ్వేంటో?"

సూప్ గిన్నెల ముందున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే తలలూపారు. ఒకామె వచ్చి విల్మా భుజం మీద చేయి వేసింది.

ఆర్లో మెట్ల కింద ఆగిపోయాడు. అక్కనే చూస్తున్నాడు.

నోరీన్ పట్టు ఇంకా బిగిసింది. విల్మా ఆ చేతులను విడిపించుకోలేకపోయింది.

"నోరీన్," అంది.

"చెప్పు వదినా," అంది నోరీన్, ఆమె చెంప తుడుస్తూ.